బ్రిజిడ్: ఈ ఐరిష్ పేరుకి అసలు అర్థం ఏది?

విభాగం: పేర్లు, పదాలు, పుట్టుపూర్వోత్తరాలు

లిఫీఒడ్డు (డబ్లిన్) | 3 ఫిబ్రవరి 2025, ఉ. 10:40

ఇవాళ మాకిక్కడ సెలవు. సెయింట్ బ్రిజిడ్ పేరు మీద 2023 నుంచి ఏటా ఫిబ్రవరి మొదటి సోమవారం ఇస్తున్నారు. ఒకవేళ ఫిబ్రవరి 1 శుక్రవారం పడితే ఆ రోజే ఇస్తారు. ఒక ఆడమనిషి పేరు మీద ఈ దేశంలో పెట్టిన మొదటి ప్రభుత్వ సెలవు ఇదేనని ఆఫీసులో చెప్పుకుంటున్నారు.

నా సందేహం పేరు గురించి. మా ఇంటి ఓనరు పెద్దావిడ, మేయో వైపు నుంచి వచ్చినావిడ. పేరు బ్రీజ్. చెల్లెలి పేరు డీలియా. వాళ్లమ్మ పేరు బ్రైడీ. మొన్న మాటల్లో "మా ముగ్గురిదీ ఒకటే పేరు, బ్రిజిడ్" అంది. నాకు నోట మాట రాలేదు. డీలియా బ్రిజిడ్ ఎలా అవుతుంది?

సరే కదా అని పిల్లల పేర్ల సైట్లు తిరగేస్తే మూడు అర్థాలు కనిపించాయి. ఒకచోట "అగ్నిబాణం", ఒకచోట "బలం", ఇంకోచోట "ఉన్నతురాలు". మూడూ నిజం కావడానికి వీల్లేదు కదా. తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్_పోరడు | ఉ. 10:58

అన్నా, నాకైతే అగ్నిబాణమే నచ్చింది. పోరికి గా పేరు పెడితే ఇగ బడిల ఎవ్వడు జోలికి రాడు.

పదకోశం (రాజమహేంద్రవరం) | మ. 12:15

లిఫీఒడ్డు గారూ, మంచి ప్రశ్న వేశారు. మూడింటిలో నిలబడేది మూడోదే. మిగతా రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా చెప్పొచ్చు.

ముందు అగ్నిబాణం సంగతి. ఇది ఈ మధ్య సైట్లవాళ్లు పుట్టించింది కాదు, వెయ్యేళ్ల పైమాటే. ఐర్లండు దక్షిణాన ఉన్న కాషెల్‌కి రాజూ బిషప్పూ అయిన కోర్మాక్ మాక్ కుల్లెనాన్ అనే ఆయన ఉండేవాడు. 908లో యుద్ధంలో చనిపోయాడు. ఆయన పేరు మీద ఒక పాత ఐరిష్ నిఘంటువు ఉంది, సనస్ కోర్మాక్ అంటారు. మన యాస్కుడి నిరుక్తం (వేదంలోని మాటల పుట్టుక చెప్పే పాత పుస్తకం) చదివినవాళ్లకి ఆ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. మాటని రెండు ముక్కలు చెయ్యడం, ఒక్కో ముక్కకీ ఒక్కో అర్థం అంటించడం. బ్రిజిడ్‌ని కూడా అలాగే విరిచి "బ్రెయొ" అంటే మంట, "సైగెత్" అంటే బాణం, కలిపితే అగ్నిబాణం అన్నారు.

ఇది ఎందుకు నిలబడదంటే, "సైగెత్" అచ్చమైన ఐరిష్ మాట కాదు. లాటిన్ "సగిత్తా" క్రైస్తవ పండితులతో పాటు ఐర్లండుకి వచ్చి అలా మారింది. బ్రిజిడ్ పేరు అంతకన్నా పాతది. తర్వాత వచ్చిన అరువుమాటతో ముందే ఉన్న పేరు పుట్టదు కదండీ.

"బలం" సంగతి మరీ చిన్నది. పాత ఐరిష్‌లో "బ్రీగ్" అంటే శక్తి, సత్తువ. కానీ అందులో ఉన్నది దీర్ఘం. బ్రిజిడ్ పేరు పాతరూపం "బ్రిగిత్", అందులో హ్రస్వం. ఇప్పటి "బ్రీద్"లో కనిపించే దీర్ఘం చూసి రెంటినీ కలిపేస్తున్నారు. ఆ దీర్ఘం కొత్తది. మధ్యలో ఉన్న గకారం కాలక్రమంలో కరిగిపోయి, ముందున్న అచ్చుని సాగదీసింది. బ్రిగిత్ కాస్తా బ్రిఘిద్ అయ్యి, చివరికి బ్రీద్ దగ్గర ఆగింది. 20వ శతాబ్దం నడుమ ఐరిష్ వర్ణక్రమాన్ని సరిచేసినప్పుడు రాతలోనూ మధ్య అక్షరాలు తీసేశారు.

ఇక అసలు అర్థం. ప్రాచీన కెల్టిక్‌లో ఈ పేరు "బ్రిగంతీ". ఎత్తైనది, మహోన్నతురాలు అని. సంస్కృతంలో దీనికి సరిగ్గా తోబుట్టువు లాంటి మాట ఒకటుంది: బృహతి.

సంశయాత్మ | మ. 12:31

వచ్చిందయ్యా సంస్కృతం! ఏ దేశం మాట ఎత్తినా చివరికి మన గుమ్మంలోకి తెచ్చి కట్టేస్తారు. వాట్సాప్‌లో "ఆస్ట్రేలియా అంటే అస్త్రాలయం" అని వచ్చినప్పటి నుంచి నాకు ఇలాంటివి చూస్తే ఒళ్లు మండుతుంది. బ్రిగంతీలో గ ఉంది, న ఉంది. బృహతిలో ఆ రెండూ లేవు. పోలిక ఎక్కడ?

పదకోశం (రాజమహేంద్రవరం) | మ. 1:20

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. చెవికి ఒకేలా వినిపిస్తే చుట్టరికం కలిపేయడం తప్పు. చూడాల్సింది తేడాలు ఒక పద్ధతిలో ఉన్నాయా లేదా అని.

సంస్కృతంలో హ ఉన్నచోట కొన్ని మాటల్లో ఐరిష్‌లో గ వస్తుంది. మన "హంస" పాత ఐరిష్‌లో "గేష్", అంటే అదే జాతి తెల్లపక్షి. మన "హిమ"కి మూలమైన ధాతువే ఐరిష్‌లో చలికాలానికి వాడే "గెవ్రె"లో ఉంది. బృహతిలో హ, బ్రిగంతీలో గ అదే దారిలో వచ్చాయి.

నకారం సంగతి. "శతం" చూడండి. లాటిన్‌లో "కెంతుమ్", న ఉంది. సంస్కృతంలో లేదు. ఐరిష్‌లో "కేద్", అక్కడా లేదు, కానీ ఆ దీర్ఘం పోయిన నకారం వదిలివెళ్లిన గుర్తు. బ్రిగంతీలో న సంస్కృతంలో మొదట్నుంచీ కనిపించదు, ఐరిష్‌లో మధ్యలో పోయింది. ప్రాచీన కెల్టిక్ రూపంలో మాత్రం ఉంది. ఊహించి చెప్పడం కాదు, రాతి మీదే ఉంది. ఉత్తర ఇంగ్లండులో రోమన్ల కాలం శాసనాల్లో "బ్రిగాంతియా" అన్న దేవత పేరు చెక్కి ఉంది. ఆ ప్రాంతంలో ఉన్న తెగ పేరు బ్రిగాంతెస్. 2వ శతాబ్దంలో టోలెమీ రాసిన భూగోళంలో ఐర్లండు ఆగ్నేయ మూల కూడా అదే పేరున్న తెగని చూపించాడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఐరిష్ సంస్కృతంలోంచి పుట్టలేదు. రెండూ ఇంకా పాత భాష ఒకదానికి పిల్లలు. ఆ ధాతువే జర్మన్‌లో కొండని చెప్పే "బెర్గ్"లో ఉంది. ఆస్ట్రియాలో బ్రెగెంజ్ అన్న ఊరు ఉంది, రోమన్లు దాన్ని బ్రిగాంతియుమ్ అనేవారు. కాబట్టి ఇది మన సొత్తని ఎవరూ జబ్బలు చరుచుకోనక్కర్లేదు.

సింహపురి_స్వాతి | మ. 1:34

బృహతి అంటే మా తాతయ్య దశమూలారిష్టంలో వేసే ముళ్ల మొక్క కదా! 😄

పదకోశం (రాజమహేంద్రవరం) | మ. 1:41

అవునమ్మా, అదే మాట. వేదంలో 36 అక్షరాల ఛందస్సు పేరూ అదే. "పెద్దది" అన్న అర్థం ఉన్న మాట కనుక ఎక్కడికైనా వెళ్తుంది.

కిల్డేర్_నర్సమ్మ | సా. 4:05

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేనుండేది కిల్డేర్ టౌన్‌లోనే, బ్రిజిడ్ మఠం పెట్టిన ఊరు. ఊరి పేరు ఐరిష్‌లో "కిల్ దార", ఓక్ చెట్టు గుడి అని.

పదకోశం గారు చెప్పింది బాగుంది, కానీ మంట సంగతి అంత తేలిగ్గా కొట్టేయకండి. పేరుకి అర్థం మంట కాకపోవచ్చు, మనిషికి మాత్రం మంటతో చాలా పని ఉంది. ఇక్కడ కెథీడ్రల్ ఆవరణలో ఒక పక్క నేలలోకి దిగినట్టు రాతి పునాది ఉంటుంది. అగ్నిగృహం అంటారు. 12వ శతాబ్దం చివర గెరాల్డ్ అనే వేల్స్ మతాధికారి ఇక్కడికి వచ్చి చూసినవీ విన్నవీ రాసిపెట్టాడు. బ్రిజిడ్ బతికున్నప్పుడు ఇరవై మంది కన్యలు వంతులేసుకుని ఆ నిప్పు ఆరకుండా చూసేవారట. ఆవిడ పోయాక పంతొమ్మిది మందే మిగిలారు. ఇరవయ్యో రాత్రి కట్టెలు అక్కడ పెట్టి, "బ్రిజిడమ్మా, ఈ రాత్రి నీ వంతు" అన్నట్టు చెప్పి వెళ్లిపోయేవారు. తెల్లారి చూస్తే కట్టెలు కాలి ఉండేవి, నిప్పు మాత్రం ఉండేది. అన్నేళ్లు కాలినా బూడిద పెరగలేదని కూడా రాశాడు.

నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. ఆ నిప్పుని నోటితో ఊదకూడదు. తిత్తులతో గానీ చేటతో గానీ విసరాలి. చుట్టూ కంచె, మగవాళ్లు లోపలికి అడుగుపెట్టకూడదు.

తర్వాత ఎప్పుడో ఆరిపోయింది. 1993లో బ్రిజిడైన్ సిస్టర్లు మళ్లీ వెలిగించారు. 1807లో టల్లో అనే ఊళ్లో మొదలైన సన్యాసినుల సంఘం వాళ్లది. టౌన్ మధ్యలో కూడా ఒక జ్యోతి ఉంది, 2006లో పెట్టారు. నేను రోజూ బస్సుకి దాని పక్కనుంచే వెళ్తాను.

సంశయాత్మ | సా. 4:30

నర్సమ్మ గారూ, బాగా చెప్పారు. నాకో అనుమానం. ఇదంతా వింటుంటే ఆవిడ అసలు మనిషేనా? దేవతకి మేలిముసుగు వేసి సెయింట్ చేశారా?

కిల్డేర్_నర్సమ్మ | సా. 4:52

ఇక్కడ ఈ మాట మీద పబ్బుల్లో కూడా వాదించుకుంటారు.

దేవత ఉన్న మాట నిజం. ఇందాకటి కోర్మాక్ నిఘంటువే చెప్తుంది: దగ్దా అనే దేవుడి కూతురు బ్రిజిత్, కవులు కొలిచే దేవత. అదే పేరుతో ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరి పనికి. పండగ కూడా ఫిబ్రవరి 1నే. అది ఇంబోల్క్ అని పాత కెల్టిక్ వసంతారంభం. గొర్రెలు ఈనే కాలం, పాలు పడే కాలం.

ఆ నిఘంటువు మాత్రం 900 నాటిది. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, 7వ శతాబ్దంలో, కోగిటోసుస్ అనే కిల్డేర్ సన్యాసి సెయింట్ బ్రిజిడ్ జీవితం లాటిన్‌లో రాశాడు. అందులో ఆ నిప్పు ఊసే లేదు! తడిసిన పైబట్ట ఎండకిరణం మీద ఆరేసిందన్న మహిమ ఉంది, ఇంకా చాలా మహిమలున్నాయి, నిప్పు లేదు. అంటే దేవత నిప్పే సెయింట్‌కి వచ్చిందని ఖాయంగా చెప్పలేం. గెరాల్డ్ నాటికి ఎక్కడో మధ్యలో చేరి ఉండొచ్చు.

పుట్టింది డండాక్ దగ్గర ఫొహర్ట్‌లో, 5వ శతాబ్దం మధ్యలో. తల్లి బ్రోక్షెక్ బానిస, తండ్రి దువ్‌హక్ దొర. పోయింది 524 ప్రాంతం. అందుకే 2024లో 1500 ఏళ్లు అని పెద్దగా జరిపారు, ఆవిడదని చెప్పే చిన్న అవశేషాన్ని కూడా ఊరికి తెచ్చారు. ఆ జనం చూడాలి, మా వార్డులో సగం మంది సెలవు అడిగారు.

నాకు అన్ని కథల్లోకీ ఇది ఇష్టం. కూతురు ఇంట్లో ఉన్నదంతా పేదలకి పంచేస్తోందని తండ్రి విసిగిపోయి, లెన్‌స్టర్ రాజుకి అమ్మేద్దామని బండెక్కించి తీసుకెళ్లాడు. ఆయన లోపల బేరం ఆడుతుంటే ఒక కుష్ఠురోగి వచ్చి చెయ్యి చాచాడు. బండిలో ఇంకేం లేదు, తండ్రి కత్తి తప్ప. నగలు పొదిగిన కత్తి. అదే తీసి ఇచ్చేసింది. రాజు చూసి "ఈ పిల్లని కొనే స్తోమత నాకు లేదు" అన్న ధోరణిలో మాట్లాడి వదిలేశాడు. ఈ అమ్మాయి దేవత కాదు, మన వీధిలో అమ్మాయే అనిపిస్తుంది నాకు.

సంశయాత్మ | సా. 5:10

కత్తి కథ బాగుంది. అయినా ఉన్నతురాలు అన్నది ఒక దేవత బిరుదులా ఉంది, ఆ పేరు ఒక బానిస కూతురికి పెట్టారంటే వింతే. ఇది నేను వదలను.

పదకోశం (రాజమహేంద్రవరం) | సా. 5:26

వదలకండి. అప్పట్లో ఆ పేరు ఆడపిల్లలకి పెట్టేవారన్నది మాత్రం నిజం. పాత ఐరిష్ వంశావళుల్లో, సెయింట్ల జాబితాల్లో బ్రిజిత్ అన్నవాళ్లు ఇంకా ఉన్నారు. దేవత పేరు కాబట్టి మనిషికి ఉండదని అనుకుంటే మన ఊళ్లో లక్ష్మి అనే పేరున్నవాళ్ల సంగతేమిటి?

అసలు తమాషా తర్వాత మొదలైంది. కిల్డేర్ సెయింట్ పేరు మారుమోగాక ఐర్లండులో ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారు! భక్తి ఎక్కువై. పేరు నేరుగా పెట్టుకోవడం అపచారం అనుకుని, మగపిల్లలకి "మైల్ బ్రిగ్తె" అని పెట్టేవారు. బ్రిజిడ్ కోసం తల గొరిగించుకున్నవాడు, అంటే దాసుడు. "గిల్ల బ్రిగ్తె" అన్నదీ అంతే, బ్రిజిడ్ సేవకుడు. మన రామదాసు, వెంకటదాసు లాంటివే. ఇప్పటి మెక్‌బ్రైడ్ అన్న ఇంటిపేరు అక్కడిదే, మాక్ గిల్ల వ్రీజ, బ్రిజిడ్ సేవకుడి కొడుకు. ఇలా శతాబ్దాలు గడిచాక, 17వ శతాబ్దం నుంచి గానీ ఆ పేరు ఆడపిల్లలకి మళ్లీ బాగా పెట్టలేదు.

కరీంనగర్_పోరడు | సా. 5:33

మగోళ్లకు ఆమె పేరు, ఆడోళ్లకు మాత్రం బంద్! గిదేం లెక్క.

బోస్టన్_బావ | సా. 6:48 (మాకు మధ్యాహ్నం)

మైల్ బ్రిగ్తె అనగానే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ఉండలేను. 9వ శతాబ్దం చివర స్కాట్లండు ఉత్తరాన ఈ పేరుగల దొర ఒకడు. పళ్లు ఎత్తు. ఓర్క్‌నీ దీవుల వైకింగ్ దొర సిగుర్ద్ యుద్ధంలో వాణ్ణి చంపి, తల నరికి, గుర్రం జీనుకి వేలాడదీసుకుని పోయాడు. దారిలో ఆ ఎత్తుపన్ను సిగుర్ద్ కాలికి గీసుకుంది. పుండయ్యి, చీము పట్టి సిగుర్ద్ చచ్చాడు. నార్స్ గాథల్లో చెప్పిన కథ. చచ్చాక పగ తీర్చుకున్న దాసుడు!

ఇప్పుడు నా వాటా అసలు విషయం. లిఫీఒడ్డు గారూ, డీలియా సంగతి నేను చెప్తాను, ఎందుకంటే దాని వెనక అమెరికా ఉంది.

1845 నుంచి 1852 దాకా ఐర్లండులో బంగాళదుంప తెగులు, కరువు. పది లక్షల మంది పోయారు, అంతకన్నా ఎక్కువ మంది ఓడెక్కారు. బోస్టన్, న్యూయార్క్‌లలో దిగిన ఐరిష్ ఆడపిల్లలు చాలామంది ఇళ్లల్లో పనికి కుదిరారు. అప్పటికి ఐర్లండులో మేరీ తర్వాత ఎక్కువగా వినిపించే పేర్లలో బ్రిజెట్ ఒకటి. దాంతో ఇక్కడి దొరసానులకి పనమ్మాయి అంటే బ్రిజెట్ అయిపోయింది. ముద్దుపేరు "బిడ్డీ" అయితే పనమ్మాయికి మారుపేరే అయ్యింది. పత్రికల్లో కార్టూన్లు ఉండేవి: లావుగా, మొరటుగా, చేతిలో గిన్నె పగలగొట్టుకుంటూ ఒక బిడ్డీ. ఇప్పటికీ ఇంగ్లిషులో చాదస్తపు ముసలమ్మని "ఓల్డ్ బిడ్డీ" అంటారు.

ఆ పిల్లలకి ఆ పేరు మోయడం కష్టమైంది. చాలామంది డీలియా అని, బెర్తా అని మార్చుకున్నారు. డీలియా అన్నది "బెడీలియా"లోంచి వచ్చింది. బ్రిజెట్‌కి నాజూకు పూసిన రూపం అది. బెడీలియా, డీలియా, ఒకరు పెట్టుకుంటే ఉత్తరాల్లో ఊళ్లో ఉన్న చెల్లెళ్లకీ అంటుకుంది. కాబట్టి మీ ఓనరమ్మ చెల్లెలు డీలియా కావడంలో వింతేం లేదు.

పూజ చేసి నోట పలకడానికి జంకిన పేరు, గిన్నెలు తోమే పిల్ల మీద జోకుగా మారిన పేరు, రెండూ ఒకటే అంటే నమ్మబుద్ధి కాదు.

కరీంనగర్_పోరడు | సా. 6:55

బావా, మా తాన "బిడ్డా" అంటే పాణం. ఆడ "బిడ్డీ" అంటే తిట్టా?

బోస్టన్_బావ | సా. 6:59

ఐర్లండులో తిట్టు కాదు తమ్మీ. కెర్రీ జిల్లాలో ఫిబ్రవరి 1న "బిడ్డీ బాయ్స్" అని గడ్డితో అల్లిన టోపీలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడతారు. తిట్టు చేసింది అమెరికా పత్రికలే.

గుంటూరు_ఘాటు | రా. 8:20

మా మేనత్త పేరు బ్రిజిత. మా అమ్మమ్మ ఊళ్లో కథోలికుల్లో ఇంకా ఇద్దరు బ్రిజితలు ఉన్నారు. ఎప్పుడూ ఇది ఐరిష్ పేరని అనుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, 19వ శతాబ్దంలో మద్రాసు బిషప్పులు వరసగా ఐరిష్‌వాళ్లే. హైదరాబాదు వికారియేట్‌కి (అప్పటి కథోలిక చర్చి పాలన ప్రాంతం) పెద్దగా ఉన్న డేనియల్ మర్ఫీ కూడా కార్క్ జిల్లావాడే, తర్వాత టాస్మేనియాలో హోబార్ట్‌కి వెళ్లాడు. ఆ దారిలో వచ్చిందంటారా?

పదకోశం (రాజమహేంద్రవరం) | రా. 8:47

ఆ దారి ఒకటుంది, ఇంకో దారీ ఉంది. 14వ శతాబ్దంలో స్వీడన్‌కి చెందిన సెయింట్ బిర్గిత్తా (1303–1373) ప్రపంచమంతటా తెలిసిన సెయింట్. ఆవిడ పేరు కూడా ఐరిష్ బ్రిజిడ్‌దే, ఉత్తరాదికి వెళ్లి అలా మారింది. ఫ్రెంచివాళ్ల బ్రిజిత్, ఇటాలియన్ల బ్రిజిద, అన్నీ ఈ వేరువే. మీ మేనత్తగారిది ఏ సెయింట్ పేరో తెలియాలంటే ఆవిడ పేరుపండగ ఎప్పుడు చేసుకుంటారో అడగండి. ఫిబ్రవరి 1 అయితే కిల్డేర్. జూలై 23 అయితే స్వీడన్.

గుంటూరు_ఘాటు | రా. 9:02

ఫోన్ చేశా. "ఎప్పుడో అమ్మ చేసేది, పాయసం పెట్టేది, ఎండాకాలం కాదు" అంది. జూలై అయితే వానలు, ఫిబ్రవరి అయితే చలి. రెండూ ఎండాకాలం కాదు 😂

భీముని_చెట్టు | రా. 9:15

బ్రిజిడ్ అంటే బృహస్పతి భార్య అని నేను చదివాను. డ్రూయిడ్లు అంటే ద్రావిడులు. ఐరిష్ అంటే ఋషి. మొత్తం మనవాళ్లే

మోడరేటర్ | రా. 9:21

భీముని_చెట్టు గారూ, దీనికి "కాలక్షేపం" విభాగం ఉంది, అక్కడ రాసుకోండి. ఇక్కడ ఆధారం ఉన్నదే రాయండి. దీనికింద వచ్చిన పదకొండు జవాబులు అటు తరలించాను.

సింహపురి_స్వాతి | రా. 9:40

పలకడం ఎలాగో చెప్పండి ఎవరైనా. ఓనరమ్మ బ్రీజ్, పైన పదకోశం గారు బ్రీద్, సెలవు బ్రిజిడ్. తల తిరుగుతోంది.

కిల్డేర్_నర్సమ్మ | రా. 10:12

మూడూ సరే. ఐరిష్‌లో రాత ఒకటే, పలికే తీరు ప్రాంతాన్ని బట్టి. పడమర మేయో, గాల్వే వైపు, ఉత్తరాన డోనెగల్ వైపు చివరి దకారాన్ని నాలుక అంగిలికి ఆనించి మెత్తగా అంటారు, మన చెవికి బ్రీజ్ అని వినిపిస్తుంది. దక్షిణాన కార్క్, కెర్రీల్లో బ్రీద్ దగ్గరగా ఉంటుంది. పడమటివాళ్లు ఆ పలుకుబడినే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటే బ్రీజ్ అన్న పేరు వేరేగా స్థిరపడింది. బ్రీడా, బ్రైడీ, బ్రీజీన్ కూడా ఇందులోవే.

ఇంకో మెలిక ఉంది. పిలిచేటప్పుడు పేరు మొదలే మారిపోతుంది. మా వార్డులో ఒక ముసలాయన భార్య పేరు చార్టులో బ్రీద్. ఆయన పిలిచేది మాత్రం "అ వ్రీజ్" అని. మొదట్లో ఆయన ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని నేను చుట్టూ చూసేదాన్ని. సంబోధనలో బ కాస్తా వ అవుతుంది. "బ్రిజిడ్ యొక్క" అన్నప్పుడూ కొన్నిచోట్ల అంతే. కిల్‌బ్రైడ్ అన్న ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి, ఐరిష్‌లో "కిల్ వ్రీజ", బ్రిజిడ్ గుడి. పండగ పేరు "లా ఏల్య బ్రీజ".

బోస్టన్_బావ | రా. 10:30

ఊళ్ల పేర్లంటే, లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ దగ్గర సెయింట్ బ్రైడ్స్ చర్చి ఉంది, ఈవిడదే. దాని పక్కన బావి, బావి పక్కన ఎనిమిదో హెన్రీ రాజు కట్టించిన బ్రైడ్‌వెల్ కోట. అతని కొడుకు 1553లో దాన్ని నగరానికి ఇచ్చేశాడు, తర్వాత అది జైలయ్యింది. ఆ పైన ఇంగ్లిషువాళ్లు ఎక్కడ లాకప్ కట్టినా బ్రైడ్‌వెల్ అనేవారు. డబ్లిన్‌లో బ్రైడ్‌వెల్ పోలీస్ స్టేషన్ ఇప్పటికీ ఉంది. లిఫీఒడ్డు గారు చూసే ఉంటారు, బయటి నుంచే అనుకుంటా!

లిఫీఒడ్డు (డబ్లిన్) | 4 ఫిబ్రవరి 2025, ఉ. 8:05

బయటి నుంచే, బయటి నుంచే! అందరికీ దండాలు. ఇంత వస్తుందనుకోలేదు.

ఒక్కటి మిగిలింది. ఆఫీసు రిసెప్షన్‌లో గడ్డితో అల్లిన క్రాస్ పెట్టారు, నాలుగు చేతులు, మధ్యలో చదరం. ఐరిష్ టీవీవాళ్ల పాత లోగో కూడా అదేనని కొలీగ్ చెప్పాడు. పాపకి చేసి చూపించాలని ఉంది. ఎలా అల్లుతారు?

కిల్డేర్_నర్సమ్మ | మ. 2:40

లోగో మాట నిజమే, 1995 దాకా అదే. కథ ఏమిటంటే, చనిపోబోతున్న ఒక దొర పక్కన కూర్చుని, నేల మీద పరిచిన గడ్డి తీసి అల్లుతూ క్రాస్ అంటే ఏమిటో ఆవిడ చెప్పిందట.

గడ్డి మన తుంగ లాంటిదే, తడి పొలాల్లో పొదలుగా ఉంటుంది. కొడవలి పెట్టి కొయ్యకూడదంటారు, చేత్తో లాగాలి. పదిహేను ఇరవై పుల్లలు చాలు. ఒకటి నిలువుగా పట్టుకోండి. రెండోదాన్ని సగానికి మడిచి, మొదటిదాని నడుమ మీదుగా కుడివైపుకి వెయ్యండి. ఇప్పుడు మొత్తాన్ని ఎడమకి పావు చుట్టు తిప్పండి. మూడోది మడిచి మళ్లీ కుడివైపుకే, ఇందాకటి మడత మీదుగా. తిప్పండి, వెయ్యండి. ప్రతిసారీ కొత్త పుల్ల ముందున్న వాటన్నిటినీ బిగించి పట్టుకోవాలి, అందుకే బొటనవేలు మధ్యలోంచి తియ్యకూడదు. మధ్యలో చదరం దానంతటదే పెరుగుతుంది. నాలుగు కొసల్నీ దారంతో కట్టి, చివరలు కత్తిరించండి. తలుపు పైన పెట్టి ఏడాది ఉంచుతారు, వచ్చే ఏడు కొత్తది పెట్టాక పాతది తీస్తారు.

ఎండేకొద్దీ పుల్ల సన్నబడి కట్లు వదులవుతాయి. వారం పోయాక ఒకసారి దారం మళ్లీ బిగించండి, లేకపోతే చేతులు ఊడి కింద పడతాయి.

కరీంనగర్_పోరడు | మ. 2:51

అక్కా, గడ్డి దొరకకుంటే జ్యూస్ స్ట్రాలతోని అయితదా?

కిల్డేర్_నర్సమ్మ | మ. 2:58

కాగితం స్ట్రాలైతే అవుతుంది తమ్ముడూ, మధ్యలో గట్టిగా నొక్కి మడవాలి. ఇక్కడ చిన్నపిల్లల బడుల్లో పైప్ క్లీనర్లతో చేయిస్తారు, అదే సులువు.